పైలట్ లేని తోడు విమానాలు – ఒక చారిత్రక పరిశీలన



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నేను మన టెలిఫోన్స్ శాఖ చరిత్రే రాస్తానని చాలామంది అనుకొని ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేయగల పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. నేను ఎన్నుకున్న విషయం యుద్ధ విమానాలు. విమానాలతో నీకేమి పని అని మిత్రులు అడగవచ్చు. కారణం మన సంఘంలోనే ఉంది.

మన సభ్యులలో ఒకాయన ఎయిర్‌ఫోర్సులో రేడియో ఫిట్టరుగా పనిచేసి, మాజీ సైనికుల కోటాలో మన శాఖలో చేరారు. నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను అన్నగారూ అనే పిలుస్తాను. కొంతకాలం ఆయన మన హైదరాబాదు పక్కనున్న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పనిచేశారు. మొన్నీమధ్య సంఘం ఆఫీసులో లైఫ్ సర్టిఫికెట్ల పని ముగించుకొని టీ తాగుతుండగా, పైలట్ లేని యుద్ధ విమానం పైలట్ ఉన్న విమానం పక్కనే ఎగురుతూ క్షిపణి ప్రయోగించిందన్న వార్త పేపర్లో కనబడింది. ఆయన పేపరు మడిచి, "వింగ్‌మన్ అంటే ఏమిటో తెలుసునా తమ్ముడూ? నీ వీపుకు కళ్లు లేవు కనుక నీ వీపు చూసే మనిషి. ఇప్పుడు ఆ చోట మెషీను పెడుతున్నారు. లింకు తెగితే అదేం చేస్తుంది?" అన్నారు.

నలభై ఏళ్లు లైన్లు తెగడం, కలపడంతోనే గడిపిన వాడిని. ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ తర్వాత లైబ్రరీలోను, మా అబ్బాయి తెచ్చి ఇచ్చిన పుస్తకాలలోను చదివినదంతా నాకు అర్థమైన మేరకు మీ ముందుంచుతున్నాను.

వింగ్‌మన్ అనగా

యుద్ధ విమానాలు సాధారణంగా ఒంటరిగా వెళ్లవు, జతగా వెళ్తాయి. ముందు వెళ్లేవాడు నాయకుడు. కాస్త వెనుకగా, పక్కగా ఎగిరేవాడు వింగ్‌మన్. నాయకుడు శత్రువును వెదుకుతుంటే, నాయకుని వెనుక ఎవరూ చేరకుండా చూడటం ఇతని పని. ఈ స్థానంలో మనిషి లేని విమానాన్ని ఉంచడమే నేడు అగ్రరాజ్యాలన్నీ చేస్తున్న ప్రయత్నం. దీనికి 'లాయల్ వింగ్‌మన్' అని పేరు పెట్టారు. నమ్మిన బంటు అని మనం చెప్పుకోవచ్చు. ఈ బంటు ఒక్కరోజులో పుట్టలేదు. నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

తొలి రోజులు

మొదటి ప్రపంచ యుద్ధం చివరలో, 1918లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఛార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు చెక్కతో, అట్టతో ఒక చిన్న విమానం తయారు చేశారు. అందులో సుమారు 80 కిలోల పేలుడు పదార్థం పెట్టేవారు. దానికి రేడియో లేదు. గమ్యం ఎంత దూరమో లెక్కగట్టి, ఇంజను ఎన్ని చుట్లు తిరగాలో ముందే అమర్చేవారు. లెక్క పూర్తి కాగానే ఇంజను ఆగిపోయి, రెక్కలు ఊడి, మిగిలినది బాంబులా పడేది. పాతకాలపు ట్రంక్ కాల్ మీటరు లాంటి ఏర్పాటన్న మాట. యుద్ధంలో వాడకుండానే యుద్ధం ముగిసింది.

తర్వాత రేడియో వచ్చింది. 1935లో బ్రిటిషు వారు ఒక శిక్షణ విమానాన్ని రేడియోతో నడిచేటట్లు మార్చి 'క్వీన్ బీ', అంటే రాణి తేనెటీగ, అని పేరు పెట్టారు. ఓడల మీది ఫిరంగులవారికి గురి అభ్యాసం కోసం దీన్ని ఎగరవేసేవారు. ఇటువంటివి 400 దాకా తయారయ్యాయి. ఈ రాణి ఈగను చూసి వెళ్లిన అమెరికా నౌకాదళం వారే తమ విమానాలకు 'డ్రోన్' అని పేరు పెట్టారని చెబుతారు. డ్రోన్ అంటే పోతు తేనెటీగ. ఇప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో ఫోటోలు తీసే యంత్రానికి కూడా అదే పేరు స్థిరపడింది.

1944 – ఒక కుటుంబపు విషాదం

మనిషి ఉన్న విమానం, మనిషి లేని విమానం కలిసి యుద్ధానికి బయలుదేరిన తొలి ఘట్టాలలో ఒకటి విషాదాంతమైనది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు పాతబడిన పెద్ద బాంబరు విమానాలను పేలుడు పదార్థంతో నింపి, పక్కన ఎగిరే మరో విమానం నుండి రేడియో ద్వారా నడిపి, జర్మనుల స్థావరాలపై కూల్చాలని పథకం వేశారు. ముక్కు భాగంలో టెలివిజన్ కెమెరా కూడా అమర్చారు. అయితే నేల మీద నుండి పైకి లేపడం మాత్రం రేడియో వల్ల అయ్యే పని కాదు. అందుకని ఇద్దరు మనుషులు లేపి, గాలిలో రేడియోకు అప్పగించి, పారాచూట్లతో దూకేయాలి.

1944 ఆగస్టు 12న ఇంగ్లండులోని ఫెర్స్‌ఫీల్డు నుండి బయలుదేరిన విమానం, ఆ ఇద్దరూ దూకకముందే ఆకాశంలో పేలిపోయింది. విద్యుత్ వలయంలోని లోపమే కారణమై ఉంటుందని తర్వాత అనుమానించారు. ఆ ఇద్దరిలో ఒకరు జోసెఫ్ కెన్నెడీ జూనియర్. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెన్నెడీకి స్వయానా అన్నగారు. మనుషుల ప్రాణాలు కాపాడటానికి చేసిన యంత్రం మొదట తీసింది తనను ఎక్కించిన మనుషుల ప్రాణాలే.

1956 – మాట వినని విమానం

ఇప్పుడు చెప్పబోయేది చదివి నేను నవ్వుకున్నాను, తర్వాత ఆలోచనలో పడ్డాను. 1956 ఆగస్టు 16న అమెరికా నౌకాదళం వారు కాలిఫోర్నియా తీరం నుండి ఎర్రరంగు వేసిన ఒక పాత హెల్‌క్యాట్ విమానాన్ని రేడియోతో ఎగరవేశారు. క్షిపణి పరీక్షకు అది లక్ష్యం. కొద్దిసేపటికి అది రేడియో ఆజ్ఞలకు లొంగడం మానేసింది. సముద్రం వైపు పోవలసినది తిరిగి లాస్ ఏంజిలిస్ నగరం వైపు బయలుదేరింది.

కూల్చివేయమని రెండు జెట్ ఫైటర్లను పంపారు. ఒక్కొక్కదానిలో 104 రాకెట్లు. వాటిని గురిచూసి వదలవలసిన ఆటోమేటిక్ యంత్రం పనిచేయలేదు. పాత పద్ధతిలో చేత్తో గురి పెడదామంటే, ఆటోమేటిక్ వచ్చింది కదా అని ఆ పరికరాన్ని అంతకు ముందే పీకేశారు! ఉజ్జాయింపుగా మొత్తం 208 రాకెట్లూ కాల్చారు. ఒక్కటీ తగలలేదు. అవి నేలపై పడి పొదలకు, పొలాలకు నిప్పంటుకుంది. వెయ్యి ఎకరాలకు పైగా కాలింది. ఆర్పడానికి 500 మంది రెండు రోజులు శ్రమించారు. ఆ విమానం మాత్రం ఆయిలు అయిపోయే దాకా తాపీగా ఎగిరి, పామ్‌డేల్ అనే ఊరి అవతల ఎడారిలో కరెంటు తీగలు తెంపుకొని పడిపోయింది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం లేదు.

మన వృత్తిలో ఉన్నవారికి ఇందులో ఒక పాఠం కనిపిస్తుంది. కొత్త పరికరం వచ్చిందని పాతదాన్ని అదేరోజు పీకేస్తే ఏమవుతుందో ఎక్స్ఛేంజీల మార్పిడి చేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

వియత్నాం నుండి బెకా లోయ దాకా

1960లో సోవియట్ యూనియన్ మీద ఎగిరిన అమెరికా గూఢచారి విమానం యు-2 కూలి, పైలట్ పవర్స్ పట్టుబడ్డాడు. పైలట్ లేకపోతే పట్టుబడేవాడే ఉండడు కదా అన్న ఆలోచన ఆనాడు బలపడింది. వియత్నాం యుద్ధంలో 1964 నుండి 1975 వరకు పైలట్ లేని చిన్న జెట్లు ఫోటోల కోసం 3,435 సార్లు ఎగిరాయి. పెద్ద రవాణా విమానం రెక్క కింద వేలాడదీసి తీసుకువెళ్లి గాలిలో వదిలేవారు. తిరిగి వచ్చి పారాచూటుతో దిగుతుంటే, హెలికాప్టరు గాలిలోనే కొక్కెంతో అందుకొనేది.

1982 జూన్ 9న లెబనాన్‌లోని బెకా లోయలో ఇజ్రాయెల్ వారు దీన్ని మరో మెట్టు ఎక్కించారు. ముందుగా ఉత్తుత్తి డ్రోన్లను పంపారు. సిరియా రాడార్లు వాటిని నిజమైన విమానాలుగా భ్రమించి మేలుకున్నాయి. పైన తిరుగుతున్న మరికొన్ని డ్రోన్లు ఆ రాడార్ల జాడను చూపించాయి. వెనుకనుండి వచ్చిన ఫైటర్లు ఆ ఒక్కరోజునే 19 క్షిపణి స్థావరాలలో 17ను ధ్వంసం చేశాయి. మనిషీ యంత్రమూ పని పంచుకొని చేసిన యుద్ధానికి ఇది పెద్ద ఉదాహరణ. అయితే అక్కడ పేల్చే పని మాత్రం మనుషులదే.

2001లో అమెరికా వారి ప్రెడేటర్ డ్రోన్ అఫ్ఘానిస్తాన్‌లో క్షిపణులు వేయడం మొదలుపెట్టింది. అప్పటికీ దాన్ని నడిపేవాడు వేల మైళ్ల దూరంలో కుర్చీలో కూర్చున్న మనిషే. 2002 డిసెంబరు 23న ఇరాక్ గగనతలంలో ఒక మిగ్-25కు, ఒక ప్రెడేటర్‌కు ఎదురుకాల్పులు జరిగాయి. ప్రెడేటర్ కూలిపోయింది. గంటకు వేల కిలోమీటర్ల వేగంతో వచ్చే ఫైటరుకు ఎదురు నిలవాలంటే, దూరాన కూర్చున్నవాని చేతి నుండి ఉపగ్రహం మీదుగా ఆజ్ఞ వచ్చేసరికి కాలం మించిపోతుంది. పైగా శత్రువు రేడియోను జామ్ చేస్తే ఆ ఆజ్ఞ రానే రాదు. అందుచేత బుద్ధిని యంత్రంలోనే పెట్టాలన్న ప్రయత్నం ఊపందుకుంది.

యంత్రానికి బుద్ధి

2020 ఆగస్టులో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఒక పోటీ పెట్టింది. ఒకవైపు అనుభవం గల ఎఫ్-16 పైలట్, రెండోవైపు కంప్యూటర్ ప్రోగ్రాము. నిజమైన ఆకాశంలో కాదు, సిమ్యులేటర్‌లో. ఐదు ఆటలు ఆడితే ఐదూ కంప్యూటరే గెలిచింది. 2023 సెప్టెంబరులో అటువంటి బుద్ధినే నిజమైన విమానంలో పెట్టి, నిజమైన ఎఫ్-16కు ఎదురుగా ఎగరవేశారు. ప్రమాదం వస్తే అందుకోవడానికి లోపల పైలట్లు కూర్చున్నారు గాని, వారికి ఆ అవసరం పడలేదు. 2024 మే 2న అమెరికా వైమానిక దళ కార్యదర్శి ఫ్రాంక్ కెండాల్, 75 ఏళ్ల వయసులో, ఆ విమానంలో స్వయంగా కూర్చొని గంటసేపు తిరిగారు. మన ఈడు వారే కనుక ఆయన ధైర్యాన్ని మెచ్చుకోక తప్పదు!

తోడు విమానాల విషయానికి వస్తే, ఆస్ట్రేలియాలో బోయింగ్ వారు రూపొందించిన 'ఘోస్ట్ బ్యాట్' ముందుగా చెప్పదగినది. పొడవు 11.7 మీటర్లు. 3,700 కిలోమీటర్లకు పైగా ఎగరగలదు. 2021 ఫిబ్రవరి 27న వూమెరా ఎడారిలో మొదటిసారి ఎగిరింది. 2025 డిసెంబరులో ఇదే విమానం ఒక క్షిపణితో ఎగిరే లక్ష్యాన్ని కూల్చింది. మేము టీ తాగుతూ చదివిన వార్త ఇదే. పక్కన ఒక ఫైటరు, వెనుక ఒక రాడారు విమానం ఉన్నాయి. ఫైటరు లక్ష్యాన్ని పట్టి చూపించింది, ఘోస్ట్ బ్యాట్ తనంతట తానే తగిన చోటికి చేరింది. కాని క్షిపణి వదలడానికి అనుమతి మాత్రం రాడారు విమానంలోని మనుషులు ఇచ్చారు. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. వ్యాసం చివర మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

అమెరికా వారు ఇటువంటి తోడు విమానాలు కనీసం వెయ్యి కావాలని 2023లో అంచనా వేశారు. వాటిలో మొదటి రెండు రకాలు 2025 ఆగస్టులోను, అక్టోబరులోను తొలిసారి ఎగిరాయి. అంత తొందర ఎందుకంటే ఖర్చు. ఒక్క కొత్త ఫైటరు ధరకు మూడు నాలుగు తోడు విమానాలు వస్తాయట. ఇక పైలట్‌ను తయారు చేయడానికి పట్టే ఏళ్లు, పోతే ఏడ్చే తల్లిదండ్రులు సరేసరి.

2024 – సొంతవారి చేతిలోనే

పామ్‌డేల్ ఉదంతం పాతకాలపుది, ఇప్పుడలా జరగదు అనుకుంటాము. రష్యా వారి 'ఓఖోత్నిక్', అంటే వేటగాడు, సుమారు 20 టన్నుల పెద్ద డ్రోన్. సు-57 ఫైటరుకు తోడుగా ఉండటానికి రూపొందించారు. 2019 సెప్టెంబరులో రెండూ కలిసి ఎగిరాయి. 2024 అక్టోబరు 5న ఉక్రెయిన్‌లోని కోస్త్యాంతినివ్కా దగ్గర, వెనుక వస్తున్న రష్యా ఫైటరే దాన్ని కూల్చివేసింది. అది అదుపు తప్పి శత్రువు భూభాగం వైపు పోతుంటే, వారి చేతికి చిక్కకూడదని కూల్చి ఉంటారని నిపుణుల అంచనా. శిథిలాలు పడింది మాత్రం ఉక్రెయిన్ చేతిలో ఉన్న చోటే. 68 ఏళ్లు గడిచినా ఆ పాత ప్రశ్న అక్కడే ఉన్నది.

మన దేశంలో

మన దేశపు ప్రయత్నం కూడా గురి అభ్యాసంతోనే మొదలైంది. బెంగుళూరులోని రక్షణ పరిశోధనశాల ఏ.డి.ఇ. వారు 'లక్ష్య' అనే పైలట్ లేని విమానం రూపొందించారు. ఒడిశాలోని చాందీపూర్ తీరాన పరీక్షించారు. దానికి కావలసిన చిన్న జెట్ ఇంజనును హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు మన దేశంలోనే తయారు చేశారు. 2021 ఫిబ్రవరిలో బెంగుళూరు విమాన ప్రదర్శనలో అదే సంస్థ 'వారియర్' అనే తోడు విమానపు నమూనాను చూపించింది. తేజస్ ఫైటరు పక్కన ఎగరడం దాని పని. 2025 జనవరిలో దాని ఇంజన్లను నేలమీద నడిపి చూశారు. లక్ష్య కోసం చేసిన ఇంజను కుటుంబమే వారియర్‌కూ ఆధారం. అంటే గుళ్ల దెబ్బలు తినడానికి పుట్టిన దాని గుండెకాయే, ఇప్పుడు పైలట్‌కు కాపలా కాయబోయే దానికీ పనికి వస్తున్నదన్న మాట.

వేరే దారిలో, 2022 జులై 1న కర్ణాటకలోని చిత్రదుర్గలో తోక లేని ఒక డ్రోన్, ఎగరడం మొదలు దిగడం వరకు తనంతట తానే పూర్తి చేసింది. ఇవన్నీ గర్వించదగిన విషయాలే.

నా అనుభవం ఒకటి

ఇక అన్నగారి ప్రశ్నకు వస్తాను. లింకు తెగితే ఏం చేయాలి?

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన మన తరం ఎవరూ మరువలేరు. అప్పుడు నేను కృష్ణా జిల్లాలో ఒక చిన్న మాన్యువల్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరును. సాయంత్రానికి ట్రంకు లైన్లు ఒకదాని వెంట ఒకటి మూగపోయాయి. నెత్తిన హెడ్‌సెట్ ఉన్నది, చెవిలో గాలి హోరు తప్ప ఏమీ లేదు. చుట్టుపక్కల పూరిళ్ల కప్పులు ఎగిరిపోతుంటే జనం పిల్లలను ఎత్తుకొని వచ్చి తలుపు కొట్టారు. ఆ వీధిలో పక్కా కట్టడం అదొక్కటే. తలుపు మీద బోర్డు ఉన్నది: అనుమతి లేనివారు లోనికి రారాదు. అనుమతి అడగడానికి లైను లేదు.

నేను తలుపు తీశాను. బ్యాటరీ గదిలో యాసిడ్ ఉంటుంది గనుక దానికి మాత్రం తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొన్నాను. తెల్లవారేదాకా నలభై మందికి పైగా స్విచ్‌బోర్డు పక్కనే కూర్చున్నారు. లైన్లు బాగుపడ్డాక రూలు ఎందుకు తప్పావని సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్లు రాసి కింద సంతకం పెట్టాను. వ్యవహారం అంతటితో ముగిసింది.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ రాత్రి నా నిర్ణయం తప్పు కూడా కావచ్చును. గోడ కూలి ఉంటే నలభై ప్రాణాలకు నేనే జవాబుదారీ. మనిషి ఎప్పుడూ సరిగానే నిర్ణయిస్తాడని నేను అనను. అలిసిన కళ్లతో, భయంతో, కోపంతో మనుషులు చేసిన తప్పులకు యుద్ధ చరిత్రలో కొదవ లేదు. ఐదుకు ఐదు గెలిచిన యంత్రం గురి మనిషి గురికంటే మెరుగైనదే కావచ్చు. కాని తప్పు జరిగితే పిలిచి అడగడానికి, కాగితం కింద సంతకం పెట్టడానికి ఒక మనిషి ఉండాలి. యంత్రాన్ని సంజాయిషీ అడిగితే ఎవరు రాస్తారు? తయారు చేసినవారా, కొన్నవారా, పంపినవారా?

ఈ విషయం పెద్దలు గుర్తించకపోలేదు. ఆయుధం ప్రయోగించడంలో తగినంత మానవ విచక్షణ ఉండాలని అమెరికా రక్షణ శాఖ 2012లో నియమం చేసి, 2023లో సవరించింది. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఇటువంటి ఆయుధాలపై ఆందోళన తెలిపే తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. జెనీవాలో ఇదివరకే నడుస్తున్న చర్చలే దీనికి సరైన వేదిక అన్నది మన దేశపు వైఖరి. మన దేశం ఆ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. వేదిక ఏదైనా, చర్చ త్వరగా తేలడం అవసరం. ఎందుకంటే వూమెరాలో అనుమతి ఇచ్చిన రాడారు విమానానికీ, ఘోస్ట్ బ్యాట్‌కూ మధ్య ఉన్నది కూడా ఒక రేడియో లింకే. శత్రువు మొదట తెంపబోయేది దాన్నే.

ఈ వ్యాసం రాసి ముందుగా అన్నగారికే చదివి వినిపించాను. కళ్లద్దాలు తీసి తుడుచుకొని, "దుండిగల్‌లో కుర్రవాళ్లు జతగా ఎగిరి దిగిన తర్వాత, వెనుక ఎగిరినవాడు వచ్చి ముందువాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చేవాడు. అది నేను రోజూ చూసేవాణ్ణి" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

మన మనుమలు, మనుమరాళ్లలో ఎందరో ఇవాళ ఈ యంత్రాలకు బుద్ధి నేర్పే ఉద్యోగాలలోనే ఉన్నారు. వారు ఇంటికి వచ్చినప్పుడు ఈ సంచిక వారి చేతికి ఇచ్చి, లింకు తెగినప్పుడు మీ యంత్రం ఏం చేస్తుంది, దాని కింద సంతకం ఎవరిది అని ఒక్కసారి అడగవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాను.